మొదటి గడ్డపార ఎవరిది?

పోయిన సంవత్సరం మా బడిలో ఉపన్యాసాల పోటీ పెట్టినారు. విషయం "మన ప్రాంతానికి మేలు చేసిన మహనీయుడు". చాలామంది గాంధీజీ గురించి, విశ్వేశ్వరయ్య గారి గురించి రాసుకొచ్చినారు. నేను వేరేగా ఉండాలని లావెల్ దొర గురించి మాట్లాడినాను. నాకు మొదటి బహుమతి వచ్చింది. సర్టిఫికెట్టు, ఒక స్టీలు టిఫిన్ బాక్సు ఇచ్చినారు.

ఇంటికి పోయి ఆ ఉపన్యాసం మొత్తం మా అవ్వకు మళ్ళీ చదివి వినిపించినాను. అందులో నాకు బాగా నచ్చిన మాటలు నాలుగు ఉండినాయి. ఒకటి, లావెల్ ఒక వీర సైనికుడు. రెండు, కోలారు బంగారాన్ని కనిపెట్టింది ఆయనే. మూడు, ఆయన పుణ్యమా అని మన ఊరికి 1902లోనే కరెంటు వచ్చింది. నాలుగు, ఆయన లేకపోతే కేజీఎఫ్ లేదు, మనమూ లేము.

అవ్వ చాటలో బియ్యం ఏరుకుంటా అంతా విన్నది. చివరికి ఒకే మాట అడిగింది. "బాగుంది పాపా. ఆ దొర గుంతలోకి దిగినాడా? మట్టి మోసినాడా?"

నాకు జవాబు రాలేదు. మా తాత గనిలో ఇరవై ఎనిమిదేళ్ళు పని చేసినాడు. నా ఉపన్యాసంలో తాత లాంటివాళ్ళ గురించి ఒక్క వాక్యం కూడా లేదు. అప్పటి నుంచి ఆ నాలుగు మాటలను ఒక్కొక్కటిగా తిరగేసి చూస్తున్నాను. ఒక మనిషిని పొగిడేటప్పుడు మనం ఎంతవరకు నిజం చెప్తున్నాం? ఒక పని మొదలుపెట్టినవాడికి ఆ పనిలో ఎంత భాగం దక్కాలి? ఈ వ్యాసం దాని గురించే.

ముందు కథ చెప్తాను. మైకేల్ ఫిట్జ్‌గెరాల్డ్ లావెల్ ఐర్లండు మనిషి. బ్రిటిష్ సైన్యంలో సిపాయిగా న్యూజిలాండులో మావోరీల మీద జరిగిన యుద్ధంలో పని చేసి, తర్వాత బెంగళూరు కంటోన్మెంటులో స్థిరపడినాడు. 1871లో ఆయనకు ఒక పాత పత్రికలో వచ్చిన నాలుగు పేజీల వ్యాసం కంటపడింది. 1804లో అచ్చయిన ఆ వ్యాసం రాసింది లెఫ్టినెంట్ జాన్ వారెన్. అందులో కోలారు దగ్గర బంగారం దొరికే విషయం ఉంది. లావెల్‌కు బంగారం మీద అప్పటికే ఆశ ఉండేది. న్యూజిలాండులో కూడా 1861 నుంచి బంగారం కోసం జనం ఎగబడినారు. ఆయన ఎద్దుల బండి కట్టించుకొని సుమారు 100 కిలోమీటర్లు ప్రయాణం చేసి కోలారు వైపు వచ్చినాడు. రెండేళ్ళు తిరిగి, పరీక్షించి, మైసూరు ప్రభుత్వానికి అర్జీ పెట్టుకున్నాడు. బంగారం దొరికితే ప్రభుత్వానికే లాభం, దొరక్కపోతే ప్రభుత్వానికి పైసా నష్టం లేదు, నాకు తవ్వే హక్కు ఇస్తే చాలు అన్నది ఆయన వాదన. 1875 ఫిబ్రవరి 2న 20 ఏళ్ళకు లైసెన్సు వచ్చింది. ఉరిగాం దగ్గర తవ్వకం మొదలైంది. కానీ చేతిలో డబ్బు అయిపోయింది. 1877 నాటికి ఆయన హక్కులు వేరేవాళ్ళ చేతికి పోయినాయి. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ అనే ఇంగ్లండు కంపెనీ వచ్చింది. అసలు గనులు ఆ తర్వాతే పెద్దవైనాయి. బెంగళూరులో లావెల్ రోడ్డు అని ఇప్పటికీ ఆయన పేరు మీద ఒక రోడ్డు ఉంది.

ఈ కథలో మెచ్చుకోవలసింది లేదా? ఉంది. ముందు అది చెప్పకపోతే నేను అన్యాయం చేసినట్టే. పెన్షను తీసుకొని నీడపట్టున కూర్చోవలసిన మనిషి ఎండలో బండి ఎక్కి రాళ్ళు పరీక్షించుకుంటా తిరిగినాడు. నష్టం వస్తే తనదే అని ఒప్పుకున్నాడు. ఇప్పుడు చాలామంది లాభం తమదని, నష్టం ఊరిదని అనుకుంటారు. ఆయన అట్లా అనలేదు. పట్టుదల మంచి గుణమే. అది దొరలో ఉన్నా కూలీలో ఉన్నా మంచి గుణమే.

ఇక నా మొదటి మాట. వీర సైనికుడు. ఈ మాట రాసినప్పుడు ఆ యుద్ధం ఎందుకు జరిగిందో నేను ఆలోచించనే లేదు. సినిమాలో సైనికుడు అంటే వీరుడు, అంతే అనుకున్నాను. తర్వాత మా సోషల్ సార్‌ను అడిగి తెలుసుకున్నాను. న్యూజిలాండులో మావోరీ పెద్దలకూ ఇంగ్లండు రాణి ప్రభుత్వానికీ 1840లో వైటంగి దగ్గర ఒప్పందం జరిగింది. ఆ కాగితం ఇంగ్లీషులో ఒక రకంగా, మావోరీ భాషలో ఇంకో రకంగా ఉండింది. మా భూమి మీద పెత్తనం మాదే అని మావోరీలు అనుకున్నారు. పెత్తనం మాకు ఇచ్చేసినారు అని తెల్లవాళ్ళు అనుకున్నారు. వలస వచ్చినవాళ్ళకు భూములు కావలసి వచ్చినాయి. 1863లో సైన్యం వైకాటో ప్రాంతంలోకి దిగింది. అదే ఏడాది ఒక చట్టం చేసి, ఎదురుతిరిగినవాళ్ళ భూములు జప్తు చేయవచ్చు అన్నారు. ఒక్క వైకాటోలోనే సుమారు 12 లక్షల ఎకరాలు తీసుకున్నారు. అందులో కొంత యుద్ధం చేసిన సిపాయిలకే పంచినారు. సిపాయి అట్లా రైతుగా, సరిహద్దు కాపలాగా మారిపోయినాడు.

అయితే ఆ యుద్ధంలో పని చేసిన ప్రతి సిపాయీ దొంగేనా? ఇక్కడ నాకు తొందరపడి తీర్పు చెప్పాలని లేదు. ఐర్లండు కూడా ఇంగ్లండు ఏలుబడిలో ఉన్న దేశమే. 1845 నుంచి అక్కడ ఆలుగడ్డ పంట కుళ్ళిపోయి పెద్ద కరువు వచ్చింది. సుమారు 10 లక్షల మంది చచ్చిపోయినారు. అంతమందే దేశం విడిచిపోయినారు. ఆ కాలంలో కడుపు నిండాలంటే ఐర్లండు యువకులకు కనిపించిన దారుల్లో ఒకటి బ్రిటిష్ సైన్యం. తన భూమిని ఏలుతున్నవాడి కోసం ఇంకొకరి భూమి మీదికి పోవడం. ఎంత చిత్రమైన పరిస్థితో చూడండి.

మనవాళ్ళు మాత్రం వేరేనా? మద్రాసు సైన్యంలో తెలుగు సిపాయిలు ఎందరో ఉండినారు. 1799లో శ్రీరంగపట్నం మీదికి పోయిన కుంపిణీ సైన్యంలో మనవైపు సిపాయిలు ఉండినారు. 1824లో బర్మా యుద్ధానికి ఓడలెక్కి పోయినారు. వాళ్ళు కూడా జీతం కోసమే పోయినారు. బర్మాలో ఎవరో ఒక అవ్వ వాళ్ళను చూసి ఏమనుకొని ఉంటుంది?

కాబట్టి నాకు అర్థమైంది ఇది. ఒకడు ఎందుకు అట్లా చేసినాడో చెప్పడం వేరు, చేసింది సరే అనడం వేరు. ఆకలి వల్ల సైన్యంలో చేరినాడు అని చెప్పవచ్చు. దానివల్ల ఆ యుద్ధం న్యాయమైనది అయిపోదు. అట్లాగే యుద్ధం అన్యాయం అన్నంత మాత్రాన ప్రతి సిపాయీ రాక్షసుడు అయిపోడు. 1995లో ఇంగ్లండు రాణి రెండవ ఎలిజబెత్ న్యూజిలాండుకు వచ్చి, వైకాటో ప్రజలకు క్షమాపణ చెప్పే చట్టం మీద తానే సంతకం పెట్టింది. కొంత భూమి, కొంత డబ్బు వెనక్కి ఇచ్చినారు. 130 ఏళ్ళ తర్వాత రాణి తప్పు అని ఒప్పుకున్న యుద్ధాన్ని, నేను ఏమీ తెలుసుకోకుండా వేదిక మీద నిలబడి వీరత్వం అని చెప్పినాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. "సైనికుడు" అంటే చాలు. "వీర" అనే మాట ఎవరి కోసం, ఎవరి మీద అని అడిగిన తర్వాతే వాడాలి.

రెండో మాట. కనిపెట్టినాడు. ఇది నా ఉపన్యాసంలో అన్నిటికంటే పెద్ద తప్పు. లావెల్ చదివిన వారెన్ వ్యాసంలోనే దీనికి జవాబు ఉంది. టిప్పు సుల్తాన్ చనిపోయిన తర్వాత మైసూరు రాజ్యం సరిహద్దులు కొలిచే పనిలో 1802లో వారెన్ ఈ వైపు వచ్చినాడు. ఇక్కడ మట్టిలో బంగారం దొరుకుతుందని జనం చెప్పుకోవడం విన్నాడు. బంగారం చూపిస్తే బహుమానం ఇస్తాను అన్నాడు. చుట్టుపక్కల పల్లెలవాళ్ళు ఎద్దుల బండ్లలో మట్టి వేసుకొని వచ్చినారు. ఆయన ముందే ఆ మట్టిని నీళ్ళతో కడిగినారు. అడుగున బంగారం పొడి మెరిసింది. మారికుప్పం దగ్గర ఊరివాళ్ళు పాత గుంతల్లోకి దిగి రాళ్ళు తెచ్చి, ఆడవాళ్ళు దంచి, కడిగి బంగారం తీయడం కూడా ఆయన చూసినాడు.

అంటే ఏమిటి? దొరకు ముందే ఊరికి తెలుసు. ఊరివాళ్ళకు ముందు కూడా ఎవరికో తెలుసు, అందుకే అక్కడ పాత గుంతలు ఉండినాయి. వారెన్ విన్నాడు, రాసినాడు. లావెల్ చదివినాడు, హక్కు తెచ్చుకున్నాడు. ఇందులో కనిపెట్టింది ఎవరు?

దీని గురించి నా స్నేహితురాలు ఒకతె నాతో వాదించింది. "ఊరివాళ్ళు చిటికెడు తీసినారు. ఆయన పెద్ద గని మొదలుపెట్టినాడు. చిన్నగా తెలియడం వేరు, పెద్దగా చేయడం వేరు కదా?" అన్నది. నిజమే. నేను ఒప్పుకుంటాను. అయితే పెద్దగా చేసినాడు అని చెప్పాలి. కనిపెట్టినాడు అని ఎందుకు చెప్పాలి? మా పక్కింటి ఆమె చేసే చట్నీపొడి చూసి ఎవరైనా ఫ్యాక్టరీ పెడితే, ఫ్యాక్టరీ పెట్టినాడు అంటాం. చట్నీపొడి కనిపెట్టినాడు అనం.

ఇక్కడ ఇంకో సంగతి ఉంది. తెలియడం, తవ్వడం, హక్కు ఉండడం మూడూ వేరు వేరు. ఊరివాళ్ళకు తెలుసు, తవ్వడం కూడా వచ్చు. వాళ్ళ దగ్గర లేనిది కాగితం ఒక్కటే. ఆ కాగితం ఇచ్చింది ఎవరు? 1831 నుంచి 1881 వరకు మైసూరును రాజు పేరుతో ఇంగ్లీషువాళ్ళే పాలించినారు. 1875లో లావెల్‌కు లైసెన్సు ఇచ్చింది ఆ ప్రభుత్వమే. న్యూజిలాండులో భూమి తీసుకోవడానికి తుపాకీ, కాగితం రెండూ కావలసి వచ్చినాయి. కోలారులో తుపాకీ పని అప్పటికే అయిపోయింది కాబట్టి కాగితం ఒక్కటి సరిపోయింది. లావెల్ అబద్ధం ఆడలేదు, దొంగతనం చేయలేదు. చట్ట ప్రకారమే అర్జీ పెట్టుకున్నాడు. కానీ అర్జీ ఎక్కడ పెట్టాలో, ఏ భాషలో పెట్టాలో తెలిసినవాడికే హక్కు దొరికే చోట, చట్ట ప్రకారం జరిగింది అనే మాట న్యాయంగా జరిగింది అనే మాటతో సమానం కాదు. సొమ్మొకడిది సోకొకడిది అని మన పెద్దలు ఊరికే అనలేదు.

మూడో మాట. కరెంటు. 1902లో శివనసముద్రం నుంచి దాదాపు 147 కిలోమీటర్ల తీగ లాగి కేజీఎఫ్‌కు కరెంటు తెచ్చినారు. బెంగళూరు కంటే ముందే మన ఊరికి వచ్చింది. దీన్ని మేమంతా గొప్పగా చెప్పుకుంటాము. నేను దీన్ని లావెల్ ఖాతాలో రాసినాను. కానీ ఆయన గనులు వదిలేసి అప్పటికి 25 ఏళ్ళు అయింది.

ఇక్కడే నాకు ఒక ధర్మసందేహం వచ్చింది. మొదలుపెట్టినవాడికి తర్వాత జరిగిన మంచిలో భాగం ఇస్తాం అనుకుందాం. అప్పుడు తర్వాత జరిగిన చెడులో కూడా భాగం ఇవ్వాలి కదా? కరెంటు ఆయన ఖాతాలో రాస్తే, మిగతావి ఎవరి ఖాతాలో రాస్తాం?

మిగతావి ఏమిటో చెప్తాను. ఛాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్ల కంటే లోతుకు పోయింది. ఒకప్పుడు ప్రపంచంలోనే లోతైన గనుల్లో అది ఒకటి. అంత కింద రాయి వేడి 60 డిగ్రీలు దాటుతుంది. పై నుంచి చల్లగాలి పంపితే గానీ మనిషి నిలబడలేడు. ఉన్నట్టుండి బండ పగిలి మీద పడేది. దాన్ని రాక్ బరస్ట్ అంటారు. పైన ఇళ్ళల్లో గిన్నెలు కదిలేవి. గిన్నెలు కదిలితే అవ్వ లాంటివాళ్ళంతా షాఫ్ట్ దగ్గరికి పరుగెత్తేవాళ్ళు. కేజ్ పైకి వచ్చి తమ మనిషి దిగేదాకా అక్కడే నిలబడేవాళ్ళు. ఇంకోటి రాతి పొడి. ఆ పొడి ఊపిరితిత్తుల్లో చేరి గట్టిపడితే వచ్చే జబ్బును సిలికోసిస్ అంటారు. 1940లలో డాక్టర్లు ఇక్కడి కార్మికులను వేలమందిని పరీక్షించినారు, చాలామందిలో ఆ జబ్బు కనిపించింది. సుమారు 120 ఏళ్ళలో ఈ నేల నుంచి 800 టన్నులకు పైగా బంగారం పోయింది. దాన్ని తీసినవాళ్ళు చిత్తూరు, ఉత్తర ఆర్కాటు, సేలం వైపుల నుంచి వచ్చిన బీదవాళ్ళు. ఊర్లో భూమి లేనివాళ్ళు, అంటరానివాళ్ళని ఊరి బయట పెట్టబడినవాళ్ళు ఎక్కువ. వాళ్ళు ఉన్నది ఒకే గది లైన్ ఇళ్ళల్లో.

ఇదంతా లావెల్ చేసినాడా? లేదు. ఆయనకు తెలిసి ఉండేదా? తెలిసే అవకాశం లేదు. కాబట్టి ఈ చెడును ఆయన మీద వేయడం అన్యాయం. సరే. అయితే అదే లెక్కన కరెంటును ఆయనకు ఇవ్వడం కూడా తప్పే. తూకం వేసేటప్పుడు రెండు తట్టలూ ఒకే తాటికి వేలాడాలి. మంచి వైపు పొడవు తాడు, చెడు వైపు పొట్టి తాడు కట్టి నేను తూచినాను. మనం మహనీయులు అని చెప్పుకునే చాలామంది విషయంలో ఇట్లాగే తూస్తాం అనిపిస్తుంది. మనకు నచ్చనివాళ్ళ విషయంలో అదే తాళ్ళు తిరగేసి కడతాం.

నాలుగో మాట. ఆయన లేకపోతే మనం లేము. ఇది అన్నిటికంటే కష్టమైన మాట, ఎందుకంటే ఇందులో కొంత నిజం ఉంది. 1876లో ధాత కరువు వచ్చింది. మద్రాసు, మైసూరు సీమలు రెండూ ఎండిపోయినాయి. లక్షలమంది ఆకలితో పోయినారు. ఆ తర్వాత నాలుగైదేళ్ళకే ఇక్కడ గనుల్లో కూలి దొరకడం మొదలైంది. మా తాత వాళ్ళ తాత చిత్తూరు వైపు నుంచి ఆ గనుల్లో పని కోసమే నడిచి వచ్చినాడంట. గని లేకపోతే మా వంశం ఏమయ్యేదో? తెలుగు, తమిళం, కన్నడం, ఉర్దూ నాలుగు భాషలు ఒకే వీధిలో వినిపించే ఈ ఊరే ఉండేది కాదు. మా తెలుగు బడి ఉండేది కాదు. ఈ పత్రిక ఉండేది కాదు.

మరి మనకు అన్నం పెట్టిన పనిని తప్పు పట్టవచ్చునా? తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం కాదా ఇది? కొన్ని రోజులు దీని గురించే ఆలోచించినాను. జవాబు దొరక్క అవ్వనే అడిగినాను.

అవ్వ చెప్పింది, "వాళ్ళు ఊరికే పెట్టలేదు పాపా. మీ తాత దిగినాడు, తవ్వినాడు, కూలి ఇచ్చినారు. తిన్నాము. పని చేయించుకున్నోళ్ళకూ మనకూ అక్కడితో సరిపోయింది. ఎవురికీ బాకీ లేదు. కానీ తాత దగ్గు మాత్రం కూలిలో చేరలేదు. అది లెక్కలోకి రాలేదు."

ఇంతకంటే బాగా నేను చెప్పలేను. కృతజ్ఞత అనేది ఊరికే ఇచ్చినదానికి. కష్టపడి సంపాదించుకున్నదానికి చెల్లు చీటీ ఉంటుంది, కృతజ్ఞత పేరుతో నోరు కట్టుకోవలసిన పని లేదు. నేను పుట్టడానికి ఒక కారణం ఉన్నంత మాత్రాన ఆ కారణం మంచిది అయిపోదు. ధాత కరువు రాకపోతే కూడా మావాళ్ళు ఇటు వచ్చేవాళ్ళు కాదేమో. అట్లాగని కరువుకు దండం పెట్టుకుంటామా?

తాత మాత్రం గనిని ఎప్పుడూ తిట్టలేదు. నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు ఆయన పోయినాడు. చివరి రెండేళ్ళు పడుకుంటే ఊపిరి ఆడక, గోడకు దిండు ఆనించుకొని కూర్చునే నిద్రపోయేవాడు. అప్పుడు కూడా "దేశానికి బంగారం పంపినాము" అని గర్వంగా చెప్పేవాడు. ఆ బంగారం పంపిన మనిషి భార్య చెవులకు ఉన్నవి రోల్డ్ గోల్డ్ కమ్మలు. ఆయన గర్వం అబద్ధం కాదు. ఆ కమ్మలూ అబద్ధం కాదు. రెండూ పక్కపక్కన పెట్టి చెప్పగలిగితేనే చరిత్ర చెప్పినట్టు అని నాకు ఇప్పుడు అనిపిస్తుంది.

మరి లావెల్‌ను ఏం చేయాలి? ఆయన పేరు చెరిపేయాలా? అక్కరలేదు. మా నాయన పొద్దున్నే ట్రైను పట్టుకొని బెంగళూరుకు పనికి పోతాడు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడిన తర్వాత మా ఊరి వేలమంది చేసే పనే అది. వేసవి సెలవుల్లో ఒకసారి నన్ను వెంట తీసుకుపోయి లావెల్ రోడ్డు చూపించినాడు. రెండు పక్కలా పెద్ద పెద్ద షాపులు, హోటళ్ళు. లావెల్ ఎవరు అని అక్కడ ఇద్దరు ముగ్గురిని అడిగినాను. ఎవరికీ తెలియదు. బోర్డు మీద పేరు ఉండడం గుర్తుండడం కాదని ఆ రోజు తెలిసింది. పేరు చెరిపేస్తే లావెల్‌తోపాటు ఆయన బండి తోలినవాడు, ఆయనకు దారి చూపించినవాడు కూడా కథలో నుంచి పోతారు. పేరు ఉంచి కథ పూర్తిగా చెప్పడమే మేలు.

ఇది పాత కథ మాత్రమే అయితే నేను ఇంత పొడవు రాసేదాన్ని కాదు. మా ఊర్లో గని తీసిన మట్టి దిబ్బలు కొండల్లాగా ఉన్నాయి. సైనైడ్ దిబ్బలు అంటాము. గాలి కాలంలో ఆ తెల్ల పొడి ఎగిరి బట్టల మీద, అన్నం మీద పడుతుంది. ఆ దిబ్బల్లో ఇంకా బంగారం ఉంది. 2024లో 13 దిబ్బల్లో మళ్ళీ పని చేయడానికి కేంద్రం పంపిన ప్రతిపాదనకు కర్ణాటక మంత్రివర్గం ఒప్పుకుంది. అంటే మళ్ళీ ఎవరో కాగితం పట్టుకొని వస్తారు. వాళ్ళు మంచివాళ్ళే కావచ్చు, లావెల్ లాగా పట్టుదల ఉన్నవాళ్ళే కావచ్చు. పని వస్తే మా నాయన లాంటివాళ్ళకు నాలుగు గంటలకు లేచి ట్రైను పట్టుకునే బాధ తప్పవచ్చు. నేను వద్దు అనడం లేదు. కానీ ఈసారి మొదటి గడ్డపార పడకముందే అడగవలసినవి అడగాలి. పొడి ఎటు పోతుంది? దగ్గు వస్తే ఎవరి లెక్కలో రాస్తారు? 1802లో బండ్లలో మట్టి తెచ్చి చూపించినవాళ్ళకు దక్కింది ఆ రోజు బహుమానం ఒక్కటే. ఈసారి ఊరికి ఏం దక్కుతుంది?

ఈ సంవత్సరం వార్షికోత్సవంలో ఆ పాత ఉపన్యాసమే మళ్ళీ చెప్పమన్నారు. చెప్తాను. కానీ మా తెలుగు సార్‌ను అడిగి కొన్ని మాటలు మార్చుకున్నాను. ఇప్పుడు అందులో ఇట్లా ఉంటుంది: "ఊరివాళ్ళకు ఎప్పటి నుంచో తెలిసిన బంగారం గురించి లావెల్ అనే సైనికుడు చదివి, బండి కట్టుకొని వచ్చి, లైసెన్సు తెచ్చుకొని తవ్వకం మొదలుపెట్టించినాడు. ఆ తర్వాత 120 ఏళ్ళు తవ్వింది మన తాతలు."

మార్చిన ఉపన్యాసం అవ్వకు చదివి వినిపించినాను. ఈసారి కూడా బియ్యమే ఏరుకుంటా ఉంది. "ఇప్పుడు సరిగా ఉంది" అన్నది. కొంచెంసేపు ఆగి, "తాత పేరు కూడా చెప్పు" అన్నది.

చెప్తాను. మీ ఇంట్లో కూడా గనిలోకి దిగిన తాత ఉంటే, ఆయన పేరు ఒక కాగితం మీద రాసి పెట్టండి. ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం వరకు, ఏ షాఫ్ట్‌లో, ఏం పని చేసినాడో ఇంట్లోవాళ్ళను అడిగి రాయండి. లావెల్‌కు ఒక రోడ్డు ఉంది. మనవాళ్ళకు కనీసం ఒక కాగితమైనా ఉండాలి.